గోంగూర పన్ను మీద చర్చ చల్లగా ఉండాలి

బడికి డబ్బు ఇవ్వడం చాలా చిన్న పని. జేబులో చెయ్యి పెట్టాలి, తీయాలి, ఇవ్వాలి. అంతే! ఎవరైనా చేయగలరు. కానీ బడికి డబ్బు ఇవ్వాలా వద్దా అని ఏడు శుక్రవారాల పాటు, వారానికి రెండు గంటల చొప్పున, ఏసీ కింద కూర్చుని మాట్లాడుకోవడం ఉందే, అది అందరి వల్లా అయ్యే పని కాదు. మా ఖబూరా తెలుగువాళ్ల వల్లే అయింది.

చర్చ అంటే విసుక్కునేవాళ్లు ఉన్నారు. "ఇంకా ఎంతసేపు?" అని వాచీ చూసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు లోకం తెలియదు. నేను మాత్రం చర్చ పక్షం. తర్వాత ఎవరూ అనుమానపడకుండా ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. ఖబూరా ఒమన్‌లో సముద్రం పక్కన ఉండే చిన్న ఊరు. ఒక వైపు చేపల పడవలు, ఇంకో వైపు నిమ్మ తోటలు, ఖర్జూరం తోటలు, మధ్యలో హైవే. హైవే పక్కన ఎహసాన్ చాచా కిరాణా దుకాణం. చాచాది కడప జిల్లా. ఆయన దుకాణంలో అన్ని దేశాల సరుకూ దొరుకుతుంది గానీ, లోపల ఎడమ చేతి వైపు ఒక అర మాత్రం మనది. దాన్ని అందరూ "ఊరి సరుకు" అంటారు. గోంగూర పచ్చడి, జొన్నపిండి, కారప్పూస, అప్పడాలు, ఎండు మిరపకాయలు. ఆ అర ముందు నిలబడి ఏమీ కొనకుండా వాసన చూసి వెళ్లిపోయేవాళ్లను కూడా నేను చూశాను.

దుకాణం మీద ఒక మేడగది ఉంది. అందులో శుక్రవారం శుక్రవారం మూడు నుంచి అయిదు దాకా తెలుగు బడి. క్లినిక్‌లో నర్సుగా పనిచేసే నవీన టీచర్ తన సెలవు రోజున ఉచితంగా చెప్తారు. టీచర్ ఉచితం గానీ గది ఉచితం కాదు కదా! అందుకని చాచా ఒక ఏర్పాటు చేశారు. ఊరి సరుకు అరలో ఏ ప్యాకెట్ కొన్నా, దాని ధరలో యాభై బైసాలు, అంటే రియాల్‌లో ఇరవయ్యో వంతు, బడికి. దానికి "గోంగూర పన్ను" అని పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో తెలియదు.

రెండేళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పెద్దలు గోంగూర తిన్నారు, పిల్లలు అక్షరాలు దిద్దారు. ఎంత చప్పటి రోజులవి!

తర్వాత గది యజమాని అద్దె పెంచాడు. యాభై బైసాలను వంద చేస్తే తప్ప కుదరదని చాచా అన్నారు. దేశం మొత్తానికి వ్యాట్ వచ్చినప్పుడు కూడా మావాళ్లు ఇంతగా కదల్లేదు. బిల్లు చూసి, నిట్టూర్చి, కట్టేశారు. దేశం పన్నుతో వాదించలేం. చాచా పన్నుతో వాదించవచ్చు!

చర్చ ఎప్పుడు పెట్టాలి? కార్మికులు ఉండే కంపెనీ క్యాంపు ఇక్కడికి పదిహేను కిలోమీటర్లు. వాళ్లకు శుక్రవారం ఒక్కటే సెలవు. కంపెనీ బస్సు మూడింటికి వాళ్లను దుకాణం ముందు దింపుతుంది, అయిదింటికి ఎక్కించుకుని పోతుంది. కాబట్టి చర్చ మూడు నుంచి అయిదు. ఎక్కడ పెట్టాలి? ఏసీ, బెంచీలు, బోర్డు ఉన్న గది మా దగ్గర ఒక్కటే. కాబట్టి మేడ మీద.

"ఈ ఒక్క వారం పిల్లల్ని ఆడుకోనిద్దాం" అని అధ్యక్షుల వారు ప్రకటించారు. అధ్యక్షుల వారు కంపెనీలో స్టోర్ కీపర్, పేరు కుమార్, నాకు సొంత తండ్రి. కాబట్టి ఆ నిర్ణయం మీద నేను వ్యాఖ్యానించను.

మొదటి శుక్రవారమే మా గణపతి బాబాయి అసలు రూపం బయటపడింది. ఆయన సైట్‌లో షట్టరింగ్ పని చేస్తాడు. వారంలో ఆరు రోజులు ఆయన నోటి నుంచి వచ్చేవి రెండే మాటలు, "యస్ సర్", "ఖలాస్ సర్". అలాంటి మనిషి లేచి, బోర్డు ముందుకు వచ్చి, చొక్కా సర్దుకున్నాడు.

"గోంగూర తినేది నేను. సదువుకునేది ఇంకొకల్ల పిల్లలు. నడిమిట్ల నా పైసలెందుకు పోవాలె?"

"అబ్బా గణపతీ, నువ్వు తీసకపోయేది నెలకొక ప్యాకెట్టు. దానికి ఇంత గోలేందప్పా?" అన్నారు ఎహసాన్ చాచా.

"ప్యాకెట్ ముచ్చట కాదు చాచా. న్యాయం ముచ్చట!"

చప్పట్లు! ఆరు రోజుల మౌనం ఏడో రోజు న్యాయంగా మారడం కళ్లారా చూశాను. ఇలాంటి మేలు అక్షరాలు దిద్దితే వస్తుందా? నిజం చెప్పండి.

చర్చ చేసే మేలు పూర్తిగా తెలియాలంటే మాత్రం ఇస్తారి కాకను చూడాలి. జగిత్యాల వైపు మనిషి. నలభై ఆరేళ్లు. సైట్‌లో ఇనుప కడ్డీలు వంచే పని. గది అద్దె పెరగడానికి రెండు నెలల ముందు మా పిల్లల బడిలో చేరారు. బెంచీ మీద ఎహసాన్ చాచా కూతురు, ఏడేళ్ల అల్ఫియా పక్కన కూర్చునేవారు. మొదటి రోజే మూడు సుద్దముక్కలు విరిచేశారు. "మెల్లగ పట్టుకోండి అంకుల్, అది కడ్డీ కాదు" అని అల్ఫియా గదమాయిస్తే, "మాఫ్ చెయ్ మేడం" అని నాలుగోది అడిగారు.

ఈ వయసులో ఆయనకు చదువు ఎందుకు? దానికి కారణం ఊళ్లో ఉన్న శాంతవ్వ, ఆయన భార్య. ఆమె మహిళా సంఘంలో చదవడం, రాయడం నేర్చుకుంది. ఇంట్లో అత్త, మామ, పిల్లలు అందరూ ఒక్క గదిలోనే. ఫోన్‌లో ఏం మాట్లాడినా అందరి చెవినా పడుతుంది. అందుకని పైకి చెప్పలేని మాటలు ఫోన్‌లో తెలుగులో రాసి పంపడం మొదలుపెట్టింది. కానీ ఆ మాటలు వచ్చి చేరేది ఎనిమిది మంది ఉండే క్యాంపు రూమ్‌కు. ఇస్తారి కాకకు చదవడం రాదు. చదివి పెట్టేది గణపతి బాబాయి. ఆయనకు ఏదీ మెల్లగా చదవడం చేతకాదు.

"నాకు నిద్ర వడ్తలేదయ్యా, నువ్వే యాదికొస్తున్నవ్" అని శాంతవ్వ ఒకసారి రాసిందట.

"ఇగో, వదినెకు నిద్ర వడ్తలేదట! ఏం రాద్దాం? చెప్పుండ్రి!" అన్నాడట గణపతి బాబాయి.

ఎనిమిది మందీ ఆలోచించారు. జీలకర్ర నీళ్లు తాగమని రాయాలని ఒకరు. ఫ్యాన్ బాగుచేయించుకోమని రాయాలని ఇంకొకరు. అందరి అభిప్రాయాలూ విని, ఎక్కువమంది జీలకర్ర వైపు ఉన్నారు కాబట్టి జీలకర్ర అనే రాసి పంపారు. చర్చ అలవాటు మావాళ్లకు ముందు నుంచీ ఉంది చూశారా!

శాంతవ్వ తెలివైనది. తన మాట ఎన్ని చెవుల్లో పడుతోందో ఆమెకు అర్థమైపోయింది. అప్పటి నుంచి ఇక ఆ మాటలు లేవు. "బర్రె ఈనింది. వాన లేదు. పిల్లలు మంచిగున్నరు. ఇట్లు శాంతవ్వ." అంతే.

బడిలో చేరిన రోజు నవీన టీచర్ అడిగితే కాక ఒకటే మాట అన్నారు. "నా పెండ్లాం రాసింది నేనొక్కన్నే సదువుకోవాలె మేడం. గంతే."

గది అద్దె పెరిగే నాటికి ఆయన అక్షరాలు, గుణింతాలు దాటారు. ఒత్తులే మిగిలాయి. ఇంకో అయిదారు క్లాసులు చాలని టీచర్ అన్నారు. అదే వారం కంపెనీ వాళ్లు ఒక కాగితం అంటించారు. ఇస్తారి కాక బ్యాచ్‌ను దుకుమ్ సైట్‌కు మారుస్తారట. అది ఇక్కడికి చాలా దూరం. అక్కడి రూమ్‌లో అందరూ నేపాలీలు, బెంగాలీలు. తెలుగు చదివి పెట్టే గణపతి కూడా ఉండడు. వెళ్లడానికి ఏడు శుక్రవారాలు ఉన్నాయి. కావలసినవి అయిదారు. ఒకటో రెండో మిగిలాయని కాక చాలా సంతోషించారు.

ఆ మిగులు చూసి ఎవరికైనా బద్ధకం వస్తుంది. చర్చ వచ్చి ఆ ప్రమాదం నుంచి ఆయన్ను కాపాడింది.

రెండో శుక్రవారం, ఏ సరుకు మీద పన్ను వేయవచ్చో తేల్చడానికి కూర్చున్నారు. గోంగూర పచ్చడి నిత్యావసరమా, విలాసమా? కారప్పూస తిండి కిందికి వస్తుందా, టైమ్‌పాస్ కిందికి వస్తుందా? ఎండు మిరపకాయ మన అరలో ఉంది గానీ, అది పాకిస్తాన్ నుంచి వచ్చిందని ఎవరో కనిపెట్టారు. మరి అది ఊరి సరుకు ఎలా అవుతుంది? కారప్పూస మీద ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు. ఉపసంఘం కిందికి దిగి, రెండు ప్యాకెట్లు పరిశీలించి, పైకి వచ్చి, ఇంకో రెండు ప్యాకెట్లు పరిశీలించాలని నివేదిక ఇచ్చింది.

మూడో వారం ఇంకా లోతైన ప్రశ్న వచ్చింది. ఒక మలయాళీ డ్రైవర్ వారం వారం మన గోంగూర కొంటాడు. అతనెందుకు తెలుగు బడికి డబ్బు కట్టాలి? కడుతున్నాడు కాబట్టి అతనికి తెలుగు నేర్పడం మన బాధ్యత కాదా? బాధ్యతే అని గణపతి బాబాయి వాదించాడు. ఆ డ్రైవర్‌ను పిలిపించారు. అతను వచ్చి, గుమ్మంలో నిలబడి, అందరినీ చూసి భయపడ్డాడు.

"భాయ్, మేరేకో సిర్ఫ్ అచార్ చాహియే" అన్నాడు. పచ్చడి తప్ప అతనికి ఇంకేమీ అక్కర్లేదట.

అతని పేరు బడి హాజరు పట్టీలో రాసుకుని పంపేశారు. ఆ తర్వాత అతను గోంగూర మానేశాడని చాచా బాధపడ్డారు. చిన్న విషయం. సిద్ధాంతం నిలబడింది!

నాలుగో వారం నాకు చాలా ఇష్టమైన వారం. ఇంత పన్ను కట్టి పిల్లలకు నేర్పేది ఎవరి తెలుగు? గోడ మీద నవీన టీచర్ కూరగాయల పటం అంటించి ఉంచారు. అందులో "సొరకాయ" అని ఉంది.

"మా దిక్కు దాన్ని ఆనిగెపుకాయ అంటరు. ఇది మా పిల్లలకు అన్యాయం!" అని ఒకాయన లేచాడు.

"మా కడపలో సొరకాయే. నా దుకాణంలో కూడా సొరకాయే. ఏం పేరు పెట్టినా రేటు ఒకటే నాయనా!" అన్నారు చాచా.

రెండు గంటలు గడిచాయి. ఆ రోజు అంత సేపట్లో ఒక్క నిజమైన సొరకాయను కూడా ఎవరూ చూడలేదు. చివరికి పటం మీద ఏ పేరూ కనపడకుండా ఖాళీ కాగితం అంటించాలని తీర్మానించారు. ఇప్పుడు మా బడిలో ఆ కూరగాయకు పేరు లేదు. గొడవ లేదు.

పిల్లలు కూడా నష్టపోలేదు. వాళ్లు మెట్ల మీద ఆడుకుంటూ లోపలి మాటలన్నీ విన్నారు. అల్ఫియా ఇంట్లో పాలు తాగమంటే "ముందు తీర్మానం పెట్టండి" అంటోందట. అక్షరమాలలో ఇంత పదును ఉందా?

అయిదో శుక్రవారం ఇస్తారి కాక మెట్ల మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను ఊళ్లో సర్కారు బడిలో ఎనిమిది దాకా చదివి వచ్చాను కాబట్టి, చిన్నపిల్లల పలకలు దిద్దే పని టీచర్ నాకు ఇచ్చారు. అందుకని నన్ను అడిగారు.

"బిడ్డా, జరంత నాకొక ఒత్తు చెప్తవా? లోపలోల్లు పిలిచెదాంక."

"ఏ ఒత్తు కాకా?"

"శాంతవ్వల ఉంటది చూడు, గదే."

మెట్టు మీద సుద్దతో 'వ్వ' రాశాను. అవ్వ, గువ్వ, పువ్వు అని కింద రాశాను. ఆయన నాలుగుసార్లు దిద్దారు. ఈసారి సుద్ద విరగలేదు. తర్వాత ఫోన్ తీసి, భార్య రాసిన దాంట్లో చివరి మాట మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం పలుకుతూ పోయారు. "శాం... త... వ్వ." మళ్లీ మొదటి నుంచి చదివారు. మళ్లీ. చివరి మాటలోంచి వేలు పైకి జరిపి దాని ముందు మాట మొదలుపెట్టబోయారు.

"కోరం తగ్గింది! ఇస్తారన్నా, యాడున్నవే?" అని లోపలి నుంచి గణపతి బాబాయి కేక వేశాడు.

మా నాన్న బయటికి వచ్చారు. "ఇరవై మంది లేకపోతే సభ చెల్లదు ఇస్తారీ. నువ్వు ఇరవయ్యోవాడివి. నువ్వు లేకపోతే ఈ రోజు మాట్లాడిందంతా వృథా."

"నేనేం మాట్లాడుతలేను గద సార్?"

"మాట్లాడక్కర్లేదు. ఉంటే చాలు."

చూశారా! సైట్‌లో ఆయన లేకపోయినా పని ఆగదని సూపర్‌వైజర్ రోజూ అంటాడట. ఇక్కడ ఆయన లేకపోతే సభే లేదు! చర్చ మనిషికి ఎంత విలువ ఇస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కాక ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లి, ఇరవయ్యోవాడిగా కూర్చున్నారు.

అప్పుడే "నాన్నా, ఆయనకు ఇంకో పది నిమిషాలు ఇవ్వండి" అని నేను అనవచ్చు. అనలేదు.  సభలో మాట్లాడదలచినవాళ్లు ముందుగా పేరు ఇవ్వాలి కదా.

ఆరో వారం ఎహసాన్ చాచా భార్య సుగ్రా బేగం టీ ట్రే పట్టుకుని పైకి వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, కాసేపు విన్నారు. ఆ రోజు అంశం, పన్నును ఒక్కసారిగా పెంచాలా, విడతలుగా పెంచాలా అని.

"అయ్యో, మీరు తేల్చేలోపల మా అల్ఫియాకి మనవళ్లు పుడతారు. వాళ్లకైనా నేర్పుతారా?" అన్నారావిడ.

అందరూ నవ్వారు. తర్వాత, వక్తల జాబితాలో పేరు లేనివాళ్ల మాటలు లెక్కలోకి రావని మా నాన్న గుర్తుచేశారు. టీ మాత్రం లెక్కలోకి వచ్చింది. అందరూ తాగారు. నవీన టీచర్ ఆ రోజు కూడా పాఠం పుస్తకం తెచ్చుకున్నారు. ప్రతి వారం తెచ్చుకుంటారు. మెట్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడి, అయిదు అయ్యాక మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్తారు. అంత క్రమశిక్షణ ఎక్కడ చూస్తాం!

ఏడో శుక్రవారం ఓటింగ్. మరునాడు పొద్దున్నే ఇస్తారి కాక బ్యాచ్ దుకుమ్ వెళ్లాలి. మా నాన్న చీటీలు పంచారు. పెంపు కావాలంటే "అవును", అక్కర్లేకపోతే "వద్దు" అని రాసి, మడిచి, ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేయాలి.

"రాయరానోల్లయి పక్కపొంటి ఉన్నోల్లు రాసిపెట్టుండ్రి. ఇస్తారన్నా, ఇటియ్యి, నీది నేను రాస్త" అని గణపతి బాబాయి చెయ్యి చాచాడు.

ఇస్తారి కాక చీటీని వెనక్కి లాక్కున్నారు. "వద్దు తమ్మీ. నాది నేనే రాసుకుంట."

ఏడు వారాల్లో ఆయన సభలో మాట్లాడింది అదొక్కటే. కిటికీ దగ్గరికి వెళ్లి, చీటీని గోడకు ఆనించి, వీపు అడ్డం పెట్టుకుని రాశారు. చాలాసేపు రాశారు. "అరె, ఒక్క మాట రాయనీకి ఇంతసేపా?" అని ఎవరో ఎగతాళి చేసినా తిరిగి చూడలేదు.

లెక్క మొదలైంది. ఇరవై ఏడు చీటీలు. అవును పదమూడు. వద్దు పదమూడు. చివరి చీటీ మా నాన్న విప్పి, చదవబోయి ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"బడి ఏది?" అని చదివారు.

 అందరూ ఒక్కసారి చుట్టూ చూశారు. బోర్డు నిండా పన్నుల పట్టికలు. గోడ మీద పేరు లేని కూరగాయ. బెంచీల మీద పెద్దవాళ్లు. గుమ్మం బయట టీచర్, పదకొండు మంది పిల్లలు.

అలాంటి సమయంలో ఎవరికైనా కొంచెం సిగ్గు వేస్తుందని మీరు అనుకోవచ్చు. చర్చలో పండిన మనసులు మీకు తెలియవు.

"గిది ప్రశ్న. ఓటు గాదు. చెల్లది!" అన్నాడు గణపతి బాబాయి.

"చెల్లదంటే ఎట్లప్పా? బడి కావల్లనే కదా అడిగినాడు. 'అవును' కిందికే వస్చాది" అన్నారు చాచా.

"ఎట్లొస్తది? బడి ఏదని అడిగిండంటె బడి లేదన్నట్టు. లేని బడికి పైసలెందుకు? 'వద్దు' కిందికొస్తది!"

వాదం అద్భుతంగా సాగింది. నా ఒళ్లు పులకరించింది. ఇంతలో కింద బస్సు హారన్ కొట్టింది. ఆ చీటీ చెల్లుతుందా, చెల్లదా, చెల్లితే ఏ వైపు చెల్లుతుంది అనే అంశం మీద వచ్చే శుక్రవారం మూడు నుంచి అయిదు దాకా ప్రత్యేక సభ జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అంతవరకు పాత పన్నే.

ఆ చీటీ ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. రాసిన మనిషి అప్పటికే అందరికంటే ముందు బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు.

ఇదీ మా చర్చ ఘనత. ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ పన్నుల విషయంలో దాపరికం మంచిది కాదంటారు. అందుకని ఒక నేరం ఒప్పుకుంటున్నాను.

పన్ను లేకుండా, తీర్మానం లేకుండా, కోరం లేకుండా ఒక దొంగబడి నడుస్తోంది. నడుపుతున్నది నేనే. రోజూ సాయంత్రం హోంవర్క్ అయ్యాక, ఒక ఒత్తును కాగితం మీద పెద్దగా రాసి, ఫోటో తీసి, ఎలా పలకాలో చెప్పి, మా అమ్మ ఫోన్ నుంచి దుకుమ్‌కు పంపుతున్నాను. ఇస్తారి కాక డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, సిమెంట్ సంచి కాగితం వెనక దిద్ది, ఆ ఫోటో నాకు పంపుతారు. పాఠానికి పట్టేది నాలుగు నిమిషాలు. ఏడు శుక్రవారాల్లో ఇలాంటి నాలుగు నిమిషాలు ఎన్ని ఉన్నాయో దయచేసి లెక్క వేయకండి. నేనూ వేయలేదు. వేస్తే చర్చ మీద నాకున్న గౌరవం ఏమవుతుందో చెప్పలేను.

మిగతా పదకొండు మందికీ ఇలా పంపడం నా వల్ల కాదు. వాళ్ల దగ్గర ఫోన్లు లేవు. ఉన్నా వాళ్లు ఆటలే ఆడుకుంటారు. అందుకే పెద్దలకు చిన్న మనవి. చర్చ ఆపకండి. నూరేళ్లు చేయండి. పన్ను యాభై అయినా, వంద అయినా, అసలు గోంగూరే నిషేధించినా నాకు సమ్మతమే. కానీ శుక్రవారం మూడు నుంచి అయిదు దాకా ఆ గది మాకు వదిలేసి, మీరు కింద దుకాణంలో నిలబడి మాట్లాడుకోండి. నిలబడితే తొందరగా తేలుతుందని కాదు సుమా! ఆరోగ్యానికి మంచిది.

పోయిన మంగళవారం ఇస్తారి కాక ఫోన్ చేశారు.

"బిడ్డా, ఇయ్యాల్ల శాంతవ్వ రాసింది మొత్తం సదివిన. మొదటికెల్లి ఆఖరు దాంక. ఎవ్వల్ని అడగలే."

"నిజమా కాకా! ఒక్కరే?"

"ఒక్కన్నే. డాబా మీదికి వొయ్యి కూసోని సదివిన. మల్ల నేనే రాసిన గూడ. తప్పులు వొయినయో ఏమో. అయినా ఆమెకు సమజైంది. గడియల మల్ల రాసింది."

నాకు ఆగలేదు. "ఏం రాసింది కాకా?"

 అటు నుంచి నవ్వు వినపడింది. రెండు నెలలు ఒకే గదిలో ఉన్నా ఆయన అలా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు.

"గదంత నీకెందుకు బిడ్డా!" అని ఫోన్ పెట్టేశారు.

ఏం రాసిందో నాకు తెలియదు. గణపతి బాబాయికి తెలియదు. అధ్యక్షుల వారికి తెలియదు. ఖబూరాలో ఏ ఒక్కరికీ తెలియదు. చర్చకు రాని విషయం మా ఊళ్లో ప్రస్తుతానికి అదొక్కటే.